కనిపిస్తున్న మాట మీదికి కర్సర్: వెతకాలా, లేబుల్ నొక్కాలా, లైన్లు లెక్కపెట్టాలా?

మార్చాల్సిన మాట కళ్లెదుటే ఉంది. పాతిక లైన్ల కింద, లైన్ చివర్లో. కర్సర్ మాత్రం పైనెక్కడో ఉండిపోయింది. విమ్, ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లలో, అంటే కీబోర్డ్‌తోనే కోడ్ రాసి దిద్దే ప్రోగ్రాముల్లో, రోజంతా పనిచేసేవాళ్లకి ఈ పరిస్థితి లెక్కలేనన్నిసార్లు వస్తుంది. బాణం మీట నొక్కి పట్టుకుంటే విసుగు, మౌస్ అందుకుంటే చేయి కీబోర్డ్ వదలాలి. ఈ రెండూ వద్దనుకుంటే దారులు చాలానే ఉన్నాయి. ఇందుకోసం ఎడిటర్‌కి అదనంగా చేర్చుకునే ప్లగిన్లు కూడా ఒకటీ రెండూ కాదు. వాటిలో ఏది పట్టుకోవాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు, లేదా అన్నీ వేసుకుని ఏదీ చేతికి అలవాటు కాక అవస్థ పడతారు.

నేను వీటిలో చాలావాటిని మార్చి మార్చి వాడాను. మీటలు ఎన్ని నొక్కాలో లెక్కగట్టి ఎంచుకున్న ప్రతిసారీ తప్పు ఎంపికే చేశాను. మధ్యలో ఎన్నిసార్లు ఆగి చూడాల్సి వస్తోందో గమనించడం మొదలుపెట్టాకే నాకు సరిపోయేది దొరికింది.

దీని వెనక పాత లెక్క ఒకటుంది. 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు పరిశోధకులు, అలవాటైన పని చేయడానికి మనిషికి ఎంత సమయం పడుతుందో అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు. దాని పేరు కీస్ట్రోక్-లెవెల్ మోడల్. అందులో సగటు నైపుణ్యమున్న టైపిస్టుకి ఒక మీట నొక్కడానికి 0.2 సెకన్లు, చేయి కీబోర్డ్ నుంచి మౌస్ మీదికి వెళ్లడానికి 0.4, మౌస్‌తో గురి చూడటానికి 1.1, ఆలోచించుకుని సిద్ధపడటానికి 1.35 సెకన్లు. అంటే మౌస్ అందుకుని, గురి చూసి, నొక్కి, తిరిగి కీబోర్డ్ మీదికి వస్తే 2.1 సెకన్లు. నాలుగు మీటలు నొక్కితే 0.8 మాత్రమే. కానీ ఆ నాలుగు మీటల మధ్య ఒక్కసారి ఆగి ఆలోచించాల్సి వచ్చిందా, లెక్క 2.15కి చేరుతుంది. మౌస్ మీద సంపాదించిందంతా పోయినట్టే. లేబుల్, అంటే వెళ్లాల్సిన చోట ప్లగిన్ చూపించే గుర్తు అక్షరం, చదవడానికి పట్టే క్షణం నిజానికి అంత పెద్దది కాకపోవచ్చు, అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది కూడా. అయినా ఎక్కువ ఖరీదైనది వేలి కదలిక కాదు, ఆగడమే అన్నది మాత్రం నా అనుభవంలోనూ నిజమే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం

స్క్రీన్ మీద 45 లైన్ల కోడ్ ఉందనుకోండి. కర్సర్ 6వ లైన్ మొదట్లో ఉంది. 31వ లైన్‌లో 'రిటర్న్ టోటల్' అని ఉంది, ఆ 'టోటల్' మీదికి వెళ్లాలి. ఈ రెండింటి మధ్య 'టోటల్' అనే పేరు మరో నాలుగుచోట్ల వస్తుంది.

మొదటి దారి లైన్ నంబర్. విమ్‌లో రిలేటివ్‌నంబర్ సెట్టింగ్ పెడితే, కర్సర్ ఉన్న లైన్ నుంచి ఏ లైన్ ఎంత దూరమో పక్కన కనిపిస్తుంది. 25 కొట్టి జే నొక్కితే ఆ లైన్‌కి వెళ్తాం. అక్కడ ఎఫ్ (లైన్‌లో ఒక అక్షరం దగ్గరికి తీసుకెళ్లే మీట) నొక్కి టీ కొడితే మాత్రం పని జరగదు: 'రిటర్న్' స్పెల్లింగ్‌లో కూడా టీ ఉంది కాబట్టి కర్సర్ దాని మీద ఆగుతుంది. డాలర్ గుర్తు నొక్కి లైన్ చివరికి పోయి, బీ నొక్కి ఒక మాట వెనక్కి వస్తే సరిగ్గా 'టోటల్' మొదట్లో ఉంటాం. మొత్తం ఐదు మీటలు. వినడానికి బాగానే ఉంది. కానీ చూపు ఏం చేసిందో గమనించండి: 'టోటల్' మీద ఉన్న చూపు ఎడమ అంచుకి పోయింది, 25 అనే అంకె చదివింది, మళ్లీ మాట దగ్గరికి వచ్చింది. ఆ పైన లైన్ లోపల ఎలా వెళ్లాలో ఇంకో నిర్ణయం. రెండుసార్లు ఆగాం.

రెండో దారి వెతకడం. స్లాష్ నొక్కి టోటల్‌లో మొదటి మూడక్షరాలు కొడితే, మధ్యలో ఉన్న మరో 'టోటల్' మీద పడతాం. అక్కడ్నుంచి ఎన్ నాలుగుసార్లు నొక్కుతూ, ప్రతిసారీ 'ఇదేనా, ఇంకోటా' అని చూసుకోవాలి. చాలామంది వెతుకుడు నెమ్మది అని వదిలేసేది ఇక్కడే. తప్పు వెతుకుడిది కాదు, మనం ఇచ్చిన ఆనవాలుది. ఆ మాటకి ముందున్న మాట చివరి అక్షరంతో కలిపి కొట్టండి: ఎన్, ఖాళీ, టీ. 'రిటర్న్' చివర ఎన్, తర్వాత ఖాళీ, తర్వాత 'టోటల్' మొదటి టీ. ఈ మూడూ పక్కపక్కన వచ్చే చోటు స్క్రీన్ మీద చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. ఎంటర్ కొట్టి, డబ్ల్యూ నొక్కితే 'టోటల్' మీద ఉంటాం. లేదా ఆనవాలు చివర స్లాష్, ఈ కలిపి ఎంటర్ కొడితే విమ్ కర్సర్‌ని ఆ ముక్క మొదట కాకుండా చివరి అక్షరం మీద, అంటే మనకి కావాల్సిన టీ మీదే ఉంచుతుంది. ఇక్కడ చూపు మాట మీంచి కదల్లేదు. చూస్తున్నదాన్నే టైపు చేశాం.

ఈమాక్స్‌లో ఇదే పని కంట్రోల్-ఎస్‌తో ఐసెర్చ్ (అక్షరాలు కొడుతుండగానే వెతికే పద్ధతి) చేస్తుంది. తేడా ఒకటుంది: ముందుకి వెతికితే కర్సర్ దొరికిన ముక్క చివర ఆగుతుంది, కంట్రోల్-ఆర్‌తో వెనక్కి వెతికితే మొదట ఆగుతుంది. ఈ విషయం తెలియక కొత్తవాళ్లు ప్రతిసారీ రెండు మూడు అక్షరాలు వెనక్కి జరుపుకుంటూ ఉంటారు.

మూడో దారి లేబుళ్లు. ఈమాక్స్‌లో ఏవీ ప్యాకేజీ ఉంటే, దాని టైమర్ కమాండ్‌కి పెట్టుకున్న మీట నొక్కి టీ, ఓ కొట్టి అర సెకను ఆగితే, ఆ రెండక్షరాలు కనిపించే ప్రతిచోటా ఒక చిన్న అక్షరం మెరుస్తుంది. మనం చూస్తున్న చోట ఏది వచ్చిందో అది నొక్కితే అక్కడికి దూకుతాం. చూపు కదలాల్సిన పనిలేదు, కానీ మెరిసిన అక్షరాన్ని చదవాలి. ఒక్క ఆగడం, అదీ చిన్నది. 'టోటల్' ఎన్నిచోట్ల ఉన్నా తేడా లేదు. ముందు ఏ ఆనవాలు ఇవ్వాలా అని ఆలోచించే పనీ లేదు. లేబుళ్ల అసలు బలం ఇదే: ఒకే మాట పదిచోట్ల ఉన్నప్పుడు కూడా అవి తడబడవు.

లేబుళ్లన్నీ ఒకటి కాదు

లేబుల్ పద్ధతిలో ఎంచుకోవాల్సింది ముఖ్యంగా ఒకటే: లేబుల్ రాకముందు మనం ఎన్ని అక్షరాలు కొట్టాలి?

అసలేమీ కొట్టక్కర్లేనివి ఉన్నాయి. విమ్‌లో ఈజీమోషన్ ప్లగిన్ వేసుకుని లీడర్ మీట (సొంత కమాండ్ల కోసం కేటాయించుకున్న మీట) రెండుసార్లు, ఆపైన డబ్ల్యూ నొక్కితే కర్సర్ తర్వాత వచ్చే మాటలన్నింటి మీదా లేబుళ్లు వస్తాయి. హెలిక్స్ ఎడిటర్‌లో జీ, డబ్ల్యూ నొక్కితే ఏ ప్లగిన్ లేకుండానే కనిపించే మాటలకి రెండక్షరాల లేబుళ్లు పడతాయి. మొదటిసారి చూస్తే అబ్బురంగా ఉంటుంది. కానీ స్క్రీన్ మొత్తం ఒక్కసారిగా మారిపోతుంది, ఇంతకుముందు చూస్తున్న మాట లేబుళ్ల గుంపులో కలిసిపోతుంది. నాకైతే ఆ క్షణంలో చూపు చెదురుతుంది.

ఒక అక్షరం కొట్టేవి నడిమి రకం. ఏవీలో మాట మొదటి అక్షరం కొట్టే కమాండ్ ఉంది. ఏవీ మామూలుగా లేబుళ్లకి వాడేది మధ్య వరుసలోని తొమ్మిది మీటలు. అంటే తొమ్మిది చోట్ల వరకూ ఒక్క అక్షరపు లేబుల్ సరిపోతుంది. రెండక్షరాలైతే 81 చోట్ల వరకూ వస్తాయి. నిండుగా ఉన్న స్క్రీన్ మీద టీతో మొదలయ్యే మాటలు ముప్పై ఉన్నాయంటే చాలావాటికి రెండక్షరాల లేబులే పడుతుంది. మొదట ఒక అక్షరం మిగుల్చుకున్నామనుకుంటే చివర ఇంకోటి కట్టాల్సి వస్తోంది. పైగా చివర కట్టేది మన మనసులో ముందే ఉన్న అక్షరం కాదు, అప్పటికప్పుడు చదివి నొక్కాల్సిన అక్షరం.

అందుకే నా మొగ్గు రెండు, అంతకన్నా ఎక్కువ అక్షరాలు కొట్టేవాటి వైపు. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్‌లో లీప్ అనే ప్లగిన్ దీన్ని చక్కగా చేస్తుంది. మొదటి అక్షరం కొట్టగానే లేబుళ్లు చూపించేస్తుంది, రెండో అక్షరం కొట్టేలోపు మన కన్ను లేబుల్‌ని అందుకుంటుంది. ఆగడం దాదాపు మాయమవుతుంది. నియోవిమ్‌కే ఉన్న ఫ్లాష్ ప్లగిన్ దారి వేరు: ఎన్ని అక్షరాలైనా కొడుతూ పోవచ్చు, దొరికిన చోట్లలో ఆ తర్వాత వచ్చే అక్షరాలను, అంటే మనం ఇంకా కొట్టే వీలున్నవాటిని, లేబుళ్లుగా వాడదు. కాబట్టి కొట్టిన అక్షరం వెతుకుడులో భాగమా, లేబులా అన్న గందరగోళం రాదు. ఏవీ టైమర్‌లో ఈ తీర్పు గడియారం చెబుతుంది: అర సెకను ఆగితే ఇక లేబుల్ కోసం చూస్తుంది. అర సెకను మీకు ఎక్కువ అనిపిస్తే ఏవీ-టైమౌట్-సెకండ్స్ విలువ 0.3కి తగ్గించుకోండి, లేదా అక్షరాలు కొట్టగానే ఎంటర్ నొక్కండి, వెంటనే లేబుళ్లు వస్తాయి.

పాత విమ్ ప్లగిన్ల గురించి ఒక జాగ్రత్త. ఈజీమోషన్ లేబుళ్లను ఫైల్‌లోని అసలు అక్షరాల స్థానంలోనే తాత్కాలికంగా రాసి, దూకాక తీసేస్తుంది. ఆ కాసేపట్లో కోడ్‌లో తప్పులు పట్టే ప్లగిన్ మేలుకుందంటే, లేని తప్పులన్నీ ఎర్రగా చూపిస్తుంది. నియోవిమ్ కోసం రాసిన హాప్, లీప్, ఫ్లాష్ ఫైల్‌ని ముట్టుకోవు, పైన పొర వేసినట్టు చూపిస్తాయి. నియోవిమ్ వాడుతున్నవాళ్లు ఈజీమోషన్‌తో మొదలుపెట్టడానికి నాకు కారణం కనిపించదు.

దూకుడు ఒక్కటే పని కాదు

ఇది పోలికల్లో చాలామంది మర్చిపోయే విషయం. ఒకచోటికి వెళ్లేది అక్కడ ఏదో చేయడానికి. ఆ చేసేపని మళ్లీ మళ్లీ చేయాల్సినదైతే లేబుళ్లు చేతులెత్తేస్తాయి.

విమ్‌లో డీ, టీ, కామా నొక్కితే కామా దాకా ఉన్నది చెరిగిపోతుంది. తర్వాతి లైన్‌లో చుక్క ఒక్కటి నొక్కితే అదే పని మళ్లీ జరుగుతుంది, ఎందుకంటే 'కామా దాకా' అనేది ఎక్కడైనా చెల్లే సూచన. లేబుల్ అలాంటిది కాదు. ఇప్పుడు ఆ చోటికి జే అనే లేబుల్ వచ్చింది, రెండు లైన్లు జరిగితే అదే చోటికి కే రావచ్చు. అందుకే మ్యాక్రో (మళ్లీ మళ్లీ నడపడానికి దాచుకునే మీటల వరుస) రికార్డ్ చేస్తున్నప్పుడు లేబుల్ దూకుడు వాడొద్దు. యాభై లైన్ల మీద నడిపిన మ్యాక్రో సగంలో దారి తప్పి, ఎక్కడెక్కడ ఏం మార్చిందో వెతుక్కుంటూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాక నేను నేర్చుకున్న సంగతి ఇది. మ్యాక్రోలో ఎఫ్, టీ, స్లాష్ మాత్రమే నమ్మదగినవి.

దీనికి ఎదురుగా, లేబుళ్లు మాత్రమే చేయగలిగే పని ఒకటుంది: వెళ్లకుండానే తెచ్చుకోవడం. పైన ఎక్కడో పొడవాటి ఫంక్షన్ పేరు ఉంది, అది ఇక్కడ కావాలి. మామూలుగా అయితే వెళ్లాలి, కాపీ చేయాలి, తిరిగి రావాలి, అతికించాలి. ఏవీలో పేరు మొదటి రెండక్షరాలు కొట్టి, లేబుళ్లు వచ్చాక వెంటనే లేబుల్ నొక్కకుండా ముందు వై నొక్కి, ఆ తర్వాత లేబుల్ నొక్కండి. ఆ పేరు మీ కర్సర్ ఉన్నచోట వచ్చి కూర్చుంటుంది, మీరు కదలలేదు. వై బదులు ఎన్ నొక్కితే కాపీ మాత్రమే అవుతుంది. టీ నొక్కితే అక్కడ మాయమై ఇక్కడికి వస్తుంది. ఈమాక్స్‌లో ఉండి దీన్ని వాడకపోతే ఏవీలో సగం కోల్పోయినట్టే. ఒక్క షరతు: లేబుళ్లకి వాడే అక్షరాల జాబితాని మీరు మార్చుకుంటే అందులో వై, ఎన్, టీ లాంటివి చేర్చకండి, చేరిస్తే అవి లేబుళ్లయిపోయి ఈ పనులు చేయడం మానేస్తాయి. ఫ్లాష్‌లోనూ దూరం నుంచే పని చేయించే రిమోట్ పద్ధతి ఉంది.

తిరిగి రావడం సంగతి కూడా చూసుకోవాలి. విమ్‌లో స్లాష్‌తో వెళ్తే కంట్రోల్-ఓ వెనక్కి తెస్తుంది. 25 జే కొట్టి వెళ్తే తీసుకురాదు, ఎందుకంటే విమ్ దాన్ని దూకడం కింద లెక్కపెట్టదు. ఈమాక్స్‌లో ఐసెర్చ్, ఏవీ రెండూ బయల్దేరిన చోట గుర్తు వదులుతాయి. కంట్రోల్-యూ, కంట్రోల్-స్పేస్ నొక్కితే వెనక్కి వస్తాం.

ఇంకో చిన్న ప్రమాదం. కొట్టిన అక్షరాలకి సరిపోయే చోటు ఒక్కటే ఉంటే ఏవీ లేబుల్ చూపించకుండా నేరుగా దూకేస్తుంది. మన వేలు అప్పటికే లేబుల్ కోసం సిద్ధంగా ఉంటే ఆ నొక్కుడు ఫైల్‌లో పడుతుంది. ఈవిల్ మోడ్‌లో (ఈమాక్స్‌లో విమ్ మీటలు వాడనిచ్చే ప్యాకేజీ) ఉంటే అది కమాండ్‌గా మారి ఏదైనా చెరిపేయొచ్చు. ఏవీ-సింగిల్-క్యాండిడేట్-జంప్ సెట్టింగ్‌ని నిల్ చేస్తే, అంటే ఆపేస్తే, ఎప్పుడూ లేబుల్ అడుగుతుంది. లీప్ దీన్ని ముందే ఆలోచించింది: మొదటి చోటికి తనంతట తాను దూకినప్పుడు మిగతావాటికి, దూకగానే మనం మామూలుగా నొక్కని మీటలనే లేబుళ్లుగా ఇస్తుంది.

మరి ఎవరికి ఏది?

విమ్‌కి కొత్తవాళ్లు మొదటి కొన్ని వారాలు ఏ ప్లగినూ వేసుకోవద్దు. లైన్ లోపల ఎఫ్, టీ, మళ్లీ వెళ్లడానికి సెమికోలన్. లైన్ దాటితే స్లాష్, పైకైతే ప్రశ్నార్థకం. ఇన్‌క్‌సెర్చ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అక్షరాలు కొడుతుండగానే దొరికిన చోటు కనిపిస్తుంది, ఎంటర్ నొక్కకముందే కంట్రోల్-జీతో తర్వాతి చోటికి, కంట్రోల్-టీతో ముందరి చోటికి మారవచ్చు. ఈ రెండు మీటలు తెలిస్తే ఎన్ కొట్టి కొట్టి అలసిపోయే బాధ చాలావరకు తీరుతుంది. హెలిక్స్‌లో అయితే ఎఫ్, టీ లైన్ దాటి కూడా వెతుకుతాయి కాబట్టి అక్కడ వాటి విలువ ఇంకా ఎక్కువ.

రోజుకో సర్వర్‌లోకి లాగిన్ అయి ఫైళ్లు సరిచేసేవాళ్లు కూడా ఇక్కడే ఆగడం మంచిది. ప్లగిన్ లేని చోట లేబుల్ కోసం వేలు తడుముకోవడం కన్నా, ఎక్కడైనా పనిచేసే అలవాటు మేలు.

సొంత మెషీన్‌లో, పెద్ద స్క్రీన్ మీద, రెండు మూడు కిటికీలు పక్కపక్కన తెరుచుకుని పనిచేసేవాళ్లకి లేబుళ్లు నిజంగా సాయపడతాయి. మామూలు వెతుకుడు, కర్సర్ ఉన్న కిటికీ దాటదు. ఏవీ మామూలుగానే కనిపించే కిటికీలన్నింటిలో లేబుళ్లు వేస్తుంది, ఒక్క దూకుడులో పక్క ఫైల్‌కి వెళ్లిపోతాం. ఈమాక్స్ అయితే ఏవీ టైమర్ కమాండ్, నియోవిమ్ అయితే లీప్ లేదా ఫ్లాష్. ఈ రెండింటిలో దేన్ని ఎంచుకున్నా నష్టం లేదు. ఎప్పుడూ రెండక్షరాలే అనే నియమం నచ్చితే లీప్, స్లాష్ వెతుకుడు లాంటి స్వేచ్ఛ కావాలంటే ఫ్లాష్. రెండూ ఒకేసారి మాత్రం వద్దు. పాత విమ్‌లోనే ఉండాల్సివస్తే స్నీక్ ప్లగిన్ చాలు: ఎస్ నొక్కి రెండక్షరాలు కొడితే దూకుతుంది, కావాలంటే లేబుళ్లు ఆన్ చేసుకోవచ్చు. విఎస్ కోడ్‌లో విమ్ ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లకి ఈజీమోషన్, స్నీక్ రెండూ లోపలే ఉన్నాయి, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి.

కోడ్ కాకుండా వ్యాసాలు, నోట్స్ రాసేవాళ్ల సంగతి వేరు. అక్కడ ఒక పేరా అంతా ఒకే పొడవాటి లైన్‌గా ఉండొచ్చు, అలాంటప్పుడు లైన్ నంబర్ ఎందుకూ పనికిరాదు. రెండక్షరాల జతలు కూడా పేజీ నిండా కనిపిస్తాయి. మూడు నాలుగు అక్షరాలు కొట్టనిచ్చే పద్ధతే సుఖం: ఐసెర్చ్, స్లాష్, ఫ్లాష్, ఏవీ టైమర్. తెలుగు లాంటి లిపిలో రాస్తున్నప్పుడు ఒక్క అక్షరానికే ఇన్‌పుట్ పద్ధతి మార్చి మూడు మీటలు నొక్కాల్సి రావచ్చు. అప్పుడు, లైన్లు మరీ పొడవు కాకపోతే, ఏ అక్షరమూ కొట్టక్కర్లేని లైన్ లేబుళ్లు బాగా ఉపయోగపడతాయి. ఏవీలో లైన్ కమాండ్ ప్రతి లైన్ మొదట్లో లేబుల్ వేస్తుంది. దగ్గరి లైన్‌కి చేరాక ఒక్కో మాట చొప్పున జరగడం తేలికే.

చూపు ఇబ్బంది ఉన్నవాళ్లకి చిన్న రంగు అక్షరం చదవడం కష్టమైతే వెతుకుడే మంచిది. లేబుళ్లే కావాలంటే ఏవీ-బ్యాక్‌గ్రౌండ్ ఆన్ చేయండి, మిగతా స్క్రీన్ మసకబారి లేబుళ్లు మాత్రమే తేలి కనిపిస్తాయి.

ఇక నా చేతికి అలవాటైన పద్ధతి చెబుతాను. ఈమాక్స్‌లో నేను ముందుగా లేబుళ్లా వెతుకుడా అని నిర్ణయించుకోను. ఎప్పుడూ కంట్రోల్-ఎస్‌తోనే మొదలుపెట్టి, చూస్తున్న మాటలో రెండు మూడు అక్షరాలు కొడతాను. సరైన చోటే వెలిగితే ఎంటర్. చాలాచోట్ల వెలిగితే ఐసెర్చ్ లోపలే ఏవీ-ఐసెర్చ్‌కి పెట్టుకున్న మీట నొక్కుతాను, వెలిగినచోట్ల లేబుళ్లు వస్తాయి, ఒకటి నొక్కితే అక్కడుంటాను. ఐసెర్చ్-మోడ్-మ్యాప్‌లో (ఐసెర్చ్ లోపల ఏ మీట ఏం చేయాలో చెప్పే జాబితా) ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. నియోవిమ్‌లో ఇదే కావాలంటే, స్లాష్ వెతుకుడులోనే లేబుళ్లు చూపించే సెట్టింగ్ ఫ్లాష్‌లో ఉంది.